నాలుక లేని అభయఘంట

రత్నకూట రాజ్యానికి తూర్పు వాకిలి గరుడద్వారం. రెక్కలు విప్పిన గరుడపక్షి ఆకారంలో నల్లరాతితో కట్టిన ఆ కోటవాకిలి పైకొస చూడాలంటే ఎంతటి వీరుడికైనా తలపాగా వెనక్కి జారిపోవాల్సిందే. పక్షి కళ్లలో కెంపులు. ముక్కుకు బంగారు రేకు. గోళ్ల మధ్య, మదపుటేనుగులు ఢీకొన్నా చలించని ఇనుప తలుపులు. తలుపుల ముందు అడుగు కనిపించని పాతాళలోయ. లోయ మీద లావుపాటి మోకులకు వేలాడే కొయ్య వంతెన.

ఆ ఉదయం వంతెనకు ఇవతల, పొరుగు రాజ్యమైన పచ్చలసీమ జనమంతా ఉంది.

ముసలివాళ్లు బండ్ల కింద పడుకుని ఉన్నారు. ఎడ్లు నాలుకలు వేలాడేసి నిలబడ్డాయి. పిల్లలు ఏడవడం కూడా మానేశారు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం ఎవరికీ లేదు. చూస్తే కనిపించేది ఒకటే, ఆకాశపు అంచున పసుపుపచ్చగా లేచిన గోడ. అది ఇసుక. మాంత్రికుడు కాలజంఘుడు ఎండిన సముద్రం అడుగు నుంచి లేపిన ఇసుక. గాలి ఉన్నా లేకపోయినా అది నడుస్తుంది. పొలాలను మింగింది, ఊళ్లను మింగింది, రాజధానిని రాజుతోనూ సేనతోనూ కలిపి ఒక్క మధ్యాహ్నంలో మింగేసింది. అది మింగిన మనిషికి చావు కూడా దక్కదు. కాసేపటికే కళ్లు లేని ఇసుక మనిషై లేచి, తన ఊరివాళ్ల వెంటే పడతాడు.

ఆ జనంలో నీలసాని ఉంది. పచ్చలసీమ అశ్వదళానికి గుర్రాలను మచ్చిక చేసిన మనిషి. ఎంత పొగరుబోతు గుర్రమైనా ఆమె మెడ నిమిరి చెవిలో ఏదో గొణిగితే తల వంచేది. ఇప్పుడు ఆమెకు గుర్రం లేదు. భుజాన చుట్టుకున్న పగ్గాలు మాత్రం మిగిలాయి.

ఆమె పెదనాయన అయ్యలప్ప ఊరికి పెద్ద. ఎర్ర తలపాగా సర్దుకుని, చేతులు జోడించి ఆయన వంతెన మీద నాలుగడుగులు వేశాడో లేదో, సర్రుమని బాణం వచ్చి కాళ్ల ముందు కొయ్యలో దిగబడింది.

"అక్కడే ఆగు!" బురుజు మీద నుంచి గర్జించాడు కోటను కాచే దళవాయి గండభీముడు.

"ఆగినాం దొరా! వచ్చినప్పట్నుంచి ఆగే ఉండాం. ఎనకాల ఆ ఇసకే ఆగడంల్యా. తలుపు తియ్యండి."

"మహారాజుగారి ఆజ్ఞ లేనిదే ఈ తలుపు తెరుచుకోదు."

"అట్లయితే మా మాట రాజుగారి చెవిన వెయ్యండి సామీ."

"శరణు కోరేవాళ్లు నగరంలో ఉన్న అభయఘంట మోగించాలి. అది మోగితే మహారాజుగారు స్వయంగా వచ్చి వింటారు. మా పూర్వుల శాసనం అది."

అయ్యలప్ప కోట వైపు చెయ్యి చూపించాడు. "గంట లోపలుండాది. మేం బయటుండాం. తలుపు తీస్తేనే కదా దొరా, లోపలికొచ్చి కొట్టేది?"

"ఘంట మోగితేనే తలుపు తీసేది," అన్నాడు గండభీముడు. తన మాట తనకే ఎలాగో తోచినట్టుంది, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

నీలసాని ఇదంతా వింటూనే లోయలోకి వంగి చూసింది. కోటగోడ కింద, నాచుపట్టిన బండల మధ్య నుంచి ఒక తూము నోరు తెరుచుకుని ఉంది. అందులోంచి నీళ్లు లోయలోకి దూకుతున్నాయి. అవి కోట లోపలి నుంచే వస్తున్నాయి. నీళ్లు వచ్చే దారిలో మనిషి పోలేడా?

పగ్గాలన్నీ కలిపి ముడివేయడం చూసి ఆమె పెద్దమ్మ బంగారక్క పరుగెత్తుకొచ్చింది.

"యాడికే? నీ తమ్ముడు పాయె. నువ్వూ పోతే నా ముందర ఎవరే మిగిలేది?"

"పోకపోతే అందరం పోతాం పెద్దమ్మా," అంది నీలసాని. పగ్గం కొస ఒక బండకు బిగించి, గడ్డిపోచలు పట్టుకుంటూ లోయలోకి జారింది.

సగం దూరం దిగాక పగ్గం అయిపోయింది. అక్కడ లోయ బాగా ఇరుకు. ఎదురుగోడలో కాస్త కింద తూము, ఇంకా కింద నురగలు కక్కే ఏరు. ఆమె ఒక చేత్తో బండ పగులు పట్టుకుని, నడుముకున్న బాకుతో తలపైకి అందినంత ఎత్తున పగ్గాన్ని కోసింది. కోసిన ముక్కను పళ్ల మధ్య కరిచి, గోడను కాళ్లతో తన్ని, గాలిలోకి దూకింది. మోకాళ్లు చెక్కుకుపోయాయి కానీ చేతులు తూము అంచును పట్టాయి.

లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. మెడలోతు నీళ్లు. ఎదురు వచ్చే ప్రవాహాన్ని చీల్చుకుంటూ కాస్త దూరం పోయిందో లేదో, నీళ్ల కింద ఇనుప గొలుసు గలగలమంది. మరుక్షణం ఎదురుగా రెండు పచ్చని దీపాలు వెలిగాయి.

అవి కళ్లు. తూముకు కాపలాగా కట్టేసిన మహామకరం అది. పడవంత పొడవు, కొడవళ్లలాంటి పళ్లు. అది నోరు తెరిచేసరికి కుళ్లిన మాంసపు కంపు సొరంగమంతా నిండిపోయింది. నీలసాని గోడకు అంటుకుపోయింది. దవడలు ఆమె భుజం పక్కనే టప్పుమని మూసుకున్నాయి. ఆ మూసుకున్న క్షణంలోనే ఆమె దాని ముట్టె మీదికి ఎగిరి, తన పళ్ల మధ్యనున్న పగ్గాన్ని దాని దవడల చుట్టూ విసిరి, గుర్రానికి కళ్లెం బిగించినట్టు బిగించి లాగింది. కరిచే బలం కొండంత ఉన్నా, తెరిచే బలం ఆ మృగానికి లేదు. అది పొర్లింది, తోకతో గోడలను బాదింది, ఆమెను నీళ్లలో ముంచింది. నీలసాని వదల్లేదు. ఊపిరి ఆగిపోతుందనగా మృగం అలసి నీళ్లపై తేలింది. దాని మెడకున్న ఇనుప పట్టీ మాంసంలోకి దిగి చీము కారుతోంది.

"నిన్నూ కట్టేసినారా?" అని గొణిగి ఆమె దాని వీపు మీదుగా పాకి అవతల దూకింది. వెలుగు కనిపించేదాకా ఈదింది.

తూము కోట వెనక ఒక మడుగులో తేలింది. ఒడ్డున బట్టలు ఆరేసి ఉన్నాయి. చాకళ్లు చెట్ల కింద చద్ది తింటున్నారు. కాసేపటికి రాజుగారి రౌతు వేషంలో, జుట్టు పాగాలో దోపుకుని, నీలసాని నగరం దారి పట్టింది.

నగరద్వారం దగ్గర కావలివాళ్లు ప్రతి మనిషినీ ఆపి ఊరూ పేరూ అడుగుతున్నారు. నోరు విప్పితే పచ్చలసీమ యాస పట్టిస్తుంది. ఏం చేయాలా అని ఆమె తచ్చాడుతుండగానే, వర్తకుడి గుర్రం ఒకటి బెదిరి ముందుకాళ్లు ఎత్తి ద్వారానికి అడ్డంగా నిలిచింది. బళ్లు ఆగిపోయాయి. జనం చెల్లాచెదురయ్యారు. నీలసాని పోయి దాని మెడ మీద చెయ్యి వేసింది. గుర్రం వణికింది, ఊదింది, తల దించింది.

"భలే రౌతువయ్యా! పట్టుకుని లోపలికి నడిపించు, దారి వదులు!" అన్నాడు కావలివాడు.

ఆమె గుర్రం పక్కనే నడుస్తూ నగరంలో అడుగుపెట్టింది.

ఆహా, ఏమి నగరం! వీధికి ఇరువైపులా పాలరాతి మేడలు. మేడల మీద నెమళ్లు. పన్నీరు చల్లిన బాటలు. అంగళ్లలో కుంకుమపువ్వు రాశులు, పట్టు తానులు, అద్దాల పేటికలు. కూడలి కూడలికీ రాతి సింహాల నోళ్లలోంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. ఎవరూ తాగడం లేదు. ఊరికే పడుతున్నాయి. ఆ ధార చూడగానే నీలసానికి వంతెన అవతలి పిల్లల ఎండిన పెదవులు కళ్ల ముందు ఆడాయి. గుర్రాన్ని ఒక గుంజకు కట్టేసి పరుగెత్తింది.

నగరం నడిబొడ్డున నూరుస్తంభాల మంటపం. అందులో ఏనుగు తలంత కంచుఘంట. దాని ఒంటి నిండా ఆపదలో ఉన్న మనుషుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. బిడ్డను ఎత్తుకున్న తల్లి, మూటతో ముసలివాడు, కాలు విరిగిన సైనికుడు. అన్ని చేతులూ పైకి చాచి ఉన్నాయి. నీలసాని మెట్లన్నీ రెండంగల్లో ఎక్కి, పట్టుతాడు రెండు చేతులా పట్టుకుని ఒంటి బరువంతా వేసి లాగింది.

ఘంట ఊగింది. చప్పుడు రాలేదు.

మళ్లీ లాగింది. ఘంట ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మూగగా ఊగింది. ఆమె వంగి లోపలికి చూసింది. నాలుక ఉండాల్సిన చోట బూజు వేలాడుతోంది.

"మోగదు నాయనా," అంది స్తంభం పక్కన పీటమీద కూర్చున్న ముసలావిడ. తరతరాలుగా ఘంటకు కాపరులు వాళ్లు. "మంత్రిగారు నాలుక తీయించేశారు. శరణు అంటూ వచ్చేవాళ్లు ఎక్కువైపోయారట. ఇంకా నేనెందుకు కూచున్నానంటావా? రోజూ తుడవమన్నారు."

"రాజుగారికి తెలిసుండాదా?" అని అడిగేసింది నీలసాని.

యాస బయటపడింది. ముసలావిడ ఆమె ముఖంలోకి చూసి, పాగా కింద జారిన తడి జుట్టు చూసి, "పారిపో తల్లీ," అని మాత్రం అనగలిగింది. అప్పటికే మంటపం చుట్టూ ఈటెలు నిలిచాయి.

భటులు ఆమె చేతులు రెండూ కలిపి లావుపాటి ఇనుప సంకెళ్లు బిగించారు. అంతలో పల్లకీ ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి మహామంత్రి కుటిలకేతుడు దిగాడు. సన్నని మనిషి. నుదుట చందనం, భుజం మీద డేగ. గొంతులో తేనె.

"పచ్చలసీమ బిడ్డవా? చాలా దూరం వచ్చావమ్మా. శాసనం మేమేమీ రద్దు చేయలేదు. మంటపం ఉంది, ఘంట ఉంది. తాడు కూడా ఏటేటా మారుస్తున్నాం. మోగితే ప్రభువులు తప్పక వస్తారు. మోగలేదు, మేమేం చేస్తాం?" ఆయన నవ్వి భటుల వైపు తిరిగాడు. "చెరసాలకు తీసుకుపోండి."

భటులు రెక్కలు పట్టి లాగారు. అంతదాకా ఊరికే నడిచిన నీలసాని ఒక్కసారి మొండికేసిన గుర్రంలా కాళ్లు రెండూ నేలకు తన్నిపెట్టి వెనక్కి విరుచుకుపడింది. భటులు తూలారు. ఆమె స్తంభం అరుగు మీదికి ఎగిరి, అక్కణ్ణుంచి ఘంట మీదికి దూకి, సంకెళ్లు వేసిన రెండు చేతులూ తలపైకెత్తి శక్తికొద్దీ ఆ కంచు మీద మోదింది.

ఖంగ్...!

నగరం ఉలిక్కిపడింది. మేడల మీది నెమళ్లు ఒక్కసారి కేకలు పెట్టాయి.

"ఆపండి!" మంత్రి అరిచాడు. ఆమె రెండోసారి కొట్టింది. మణికట్టు పగిలింది. మూడోసారి కొట్టేసరికి నెత్తురు ఘంట మీది బొమ్మల మీదుగా కారింది. ఈటె ఒకటి ఆమె వీపు మీదికి లేచింది. ముసలి కాపరి ఆ ఈటెకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఘంట మోగింది!" అని ఆవిడ ఎలుగెత్తింది. "మోగాక కొట్టినవాళ్ల మీద చెయ్యి వేస్తే శిరచ్ఛేదం! శాసనం!"

భటుల చేతులు ఆగిపోయాయి. వీధుల్లో జనం పనులు వదిలేసి వస్తున్నారు. నేతగాళ్లు, పూలమ్మేవాళ్లు, చంకన బిడ్డలతో ఆడవాళ్లు. చిన్నప్పుడు విన్నదే తప్ప ఆ నాదం వాళ్లలో చాలామంది మళ్లీ వినలేదు. ఒకప్పుడు తమ పెద్దలూ ఈ మెట్లెక్కి వచ్చినవాళ్లేనని కొందరికి గుర్తొచ్చింది. వాళ్లంతా భటులకూ నీలసానికీ మధ్య వచ్చి నిలబడ్డారు.

శాసనం ప్రకారం సుధన్వ మహారాజు వట్టి కాళ్లతో నడిచి వచ్చాడు. నూనూగు మీసాలవాడు. అన్నం ముందు నుంచి లేచి వచ్చినట్టు చేతికి మెతుకులు ఉన్నాయి.

"నేను పట్టం కట్టుకున్న నాటి నుంచి ఇది మోగలేదు. మోగలేదు కాబట్టి ఆపదలో ఉన్నవాళ్లు లేరనుకున్నాను," అన్నాడాయన. ఘంట లోపలికి తొంగి చూశాడు. చాలాసేపు అలాగే చూశాడు. "చెప్పు తల్లీ. నీకేం కావాలి?"

దారంతా కూడదీసుకున్న మాటలన్నీ నీలసాని మరిచిపోయింది.

"తలుపు కావాల సామీ," అంది. "కూడు అడగను, భూమి అడగను. తలుపు తియ్యండి. సాయంత్రానికి ఇసక వచ్చి మా వాళ్ల మీద పడుతుంది."

"ప్రభూ!" కుటిలకేతుడు చేతులు కట్టుకున్నాడు. "తలుపు తీస్తే వాళ్ల వెనక ఇసుక కూడా వస్తుంది. ఆ జనాన్ని వదిలేస్తే లోయ దాటనని కాలజంఘుడు మాట ఇచ్చాడు. వాళ్లు పోతే పోయారు, మన ప్రజలు..."

"మాట ఎవరికి ఇచ్చాడు?" అడిగాడు రాజు.

మంత్రి చెయ్యి భుజం మీది డేగ కాలి మీదికి పోయింది.

"నా రాజ్యం తరఫున మాంత్రికుడితో మాట పుచ్చుకునే అధికారం నీకు ఎవరిచ్చారు?" రాజు ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఆ మాట మాకూ ఇచ్చినాడు సామీ," అంది నీలసాని. "కొండకింది ఊళ్లు వదిలేస్తే రాజధాని జోలికి రానన్నాడు. మా రాజు నమ్మినాడు. ఆ కొండకింది ఊళ్లోళ్లే ఇసక మనుషులై లేచి రాజధాని గోడ ఎక్కినారు. వాళ్లల్లో నా తమ్ముడుండాడు. మా ఇంటి తలుపు తట్టినాడు. ఈ పొద్దు మీరు వదిలేసేవాళ్లే రేపు మీ గోడెక్కుతారు."

జనంలో ఎవరో ఆడమనిషి వెక్కింది. సుధన్వుడు వేలి నుంచి రాజముద్రిక ఊడదీసి నీలసాని నెత్తుటి చేతిలో పెట్టాడు.

"ఇది చూస్తే గండభీముడు తలుపు తీస్తాడు. నా గుర్రం తీసుకుని ముందు పో. సేనతో నేను వెనకే వస్తాను. ఆమె సంకెళ్లు తీయండి!"

సంకెళ్లు తీస్తుండగా ఆమె తలెత్తి చూసింది. మంత్రి భుజం ఖాళీగా ఉంది. డేగ మేడల మీదుగా తూర్పుకు ఎగిరిపోతోంది. దాని కాలికి ఎర్రగుడ్డ పీలిక రెపరెపలాడుతోంది.

"అది ఏం చెబుతుంది కోటకి?" అని అరిచింది.

మంత్రి కళ్లు దించుకోలేదు. "వంతెన నరకమని," అన్నాడు నెమ్మదిగా. "నా ప్రజలను నేను కాపాడుకుంటాను."

ఆ మాట పూర్తికాకముందే నీలసాని గుర్రం మీద ఉంది.

వెన్నెల రంగు జాతిగుర్రం అది. దెబ్బ ఎరగదు. ఆమె కొట్టలేదు. దాని మెడ మీద వాలి, చెవిలో తన సీమ మాటలు చెప్పుకుంటూ పోయింది. అంగళ్లు, తోటలు, పొలాలు గిర్రున వెనక్కి తిరిగాయి. దారిలో కట్ట తెగిన కాలువ ఎదురైతే గుర్రం ఎగిరి దాటింది. బండి అడ్డమొస్తే బండి మీదుగా దాటింది. కానీ రెక్కలతో పందెం ఎవరు గెలవగలరు? తూర్పున ఆకాశం పచ్చబడింది. ఎండ పసుపునీళ్లలా మారింది. పళ్ల మధ్య ఇసుక కరకరలాడింది.

కోట చేరేసరికి గొడ్డళ్ల చప్పుడు వినిపిస్తోంది.

లోపలి రాతిస్తంభాలకు కట్టిన వంతెన మోకుల్లో ఒకటి అప్పటికే తెగింది. రెండోదాని మీద గొడ్డలి పడుతోంది. తలుపుల సందులోంచి అవతల జనం ఏడుపు, ఎడ్ల అరుపులు. వాటికి వెనక మరో చప్పుడు. కొండంత గోతంలోంచి బియ్యం ధారగా కారుతున్నట్టు సన్నగా, ఆగకుండా.

"ఆపండి! రాజముద్రిక!" నీలసాని గుర్రం మీద నుంచి దాదాపు పడిపోయింది.

గండభీముడి ఒక చేతిలో డేగ కాలి ఎర్రపీలిక ఉంది. రెండో చేత్తో ముద్రిక అందుకున్నాడు. ఒక చేతిలో మంత్రి ఆజ్ఞ, ఒక చేతిలో రాజు ఆజ్ఞ. తలుపు తీయకపోతే ఎవరూ ఆయన్ను తప్పుపట్టరు. ముద్రిక ఆలస్యంగా అందిందంటే సరిపోతుంది. ఆ లెక్క ఆయన ముఖంలో నీలసానికి స్పష్టంగా కనిపించింది.

"ఘంట కొట్టమంటివి. కొట్టినా," అంటూ పగిలిన మణికట్లు ఆయన ముందు చాపింది.

దళవాయి ఆ చేతులు చూశాడు. ముద్రిక కళ్లకద్దుకున్నాడు.

"గొడ్డళ్లు పారేయండి! తలుపు తీయండి!"

ఇనుప తలుపులు కీచుమంటూ విడిపోయాయి. జనం ఒక్క పెట్టున వంతెన మీద పడ్డారు. తెగిన మోకు వైపు వంతెన ఒరిగింది. బండ్లు లోయలోకి జారాయి. "బండ్లొదిలేయండి! పిల్లల్ని పట్టుకోండి!" అని అవతల అయ్యలప్ప గొంతు చించుకుంటున్నాడు. సగం నరికిన రెండో మోకు పోచలు పోచలుగా విచ్చుకోసాగింది. గండభీముడు కవచం విప్పి పారేసి, ఆ మోకు కొసను నడుముకు చుట్టుకుని, రాతిస్తంభానికి కాళ్లు తన్నిపెట్టాడు. పొద్దున బాణాలు వేసిన సైనికులే వచ్చి ఆయన వెనక మోకు పట్టారు. అరచేతులు కాలి తోలు ఊడుతున్నా వదల్లేదు.

నీలసాని వంతెన మీద ఎదురెళ్లి చేతికందిన పిల్లనల్లా లాగి లోపలికి తోసింది. గూని ముసలమ్మను వీపున వేసుకుంది. బంగారక్కను రెక్కపట్టి లాక్కొచ్చింది.

"మీ పెదనాయన!" బంగారక్క వెనక్కి చెయ్యి చాచింది. "ఆయప్ప ఇంకా ఆడనే ఉండాడే!"

వంతెన అవతలి కొసన అయ్యలప్ప కుంటివాణ్ణొకణ్ణి ముందుకు తోస్తున్నాడు. ఆయన వెనక ఇసుక గోడ ఆకాశాన్ని మూసేసింది. నీలసాని మళ్లీ పరుగెత్తింది. కుంటివాడు ఆమె చేతికి అందాడు. అయ్యలప్ప అందలేదు. "పో బిడ్డా!" అన్న కేక వినిపించింది. ఎర్ర తలపాగా ఒక్క క్షణం పచ్చని గోడలో మెరిసి, మాయమైంది. మోకు ఫట్టుమని తెగింది. నీలసాని, కుంటివాడు కలిసి గడప లోపలికి పడ్డారు. వంతెన లోయలోకి విసిరినట్టు వేలాడింది.

తలుపులు మూసుకున్నాయి. 

అప్పుడు లోయ అవతలి నుంచి కాలజంఘుడి గొంతు వచ్చింది. ఇసుక అంతా కలిసి ఒక్క నోటితో మాట్లాడినట్టు ఉంది అది. "రత్నకూటం వాళ్లారా! నాకు మాట ఇచ్చారు. ఆ జనం నావాళ్లు. గోడ మీంచి కిందికి దించండి. నేను వెళ్లిపోతాను."

సైనికులు దళవాయి వైపు చూశారు. గండభీముడి నడుము చుట్టూ మోకు కోసిన గాయం నెత్తురోడుతోంది. ఆయన బురుజెక్కి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"తలుపు దాటారు! ఇప్పుడు వాళ్లు మావాళ్లు!"

జవాబు మాటల్లో రాలేదు. ఇసుక జలపాతంలా లోయలోకి దూకింది. అడుగున ఏటినీళ్లు తగిలిన ఇసుక బురదై అణిగిపోతోంది. దాని మీద ఇంకో పొర, ఆ పొర మీద మరో పొర. చూస్తూ ఉండగానే లోయ పూడుకొస్తోంది. పూడిన చోట నుంచి మనుషుల ఆకారాలు లేచి కోటగోడ పట్టుకుంటున్నాయి. బాణాలు వాటి గుండెల్లోంచి దూసుకుపోయి అవతల పడుతున్నాయి.

"వీటినెలా చంపాలి?" గండభీముడు నీలసాని వైపు తిరిగాడు.

"చంపలేం. తడిస్తే కూలతాయి. మా బాయిలు ఎండిందాకా మేం అట్లే ఆపినాం. మీకు నీళ్లుండాయి కదా?"

సైనికుల ఇళ్లలోని ఆడవాళ్లు అప్పటికే కుండలతో కోటగోడ మీదికి వచ్చి ఉన్నారు, అక్కడ దాహంతో పడి ఉన్న జనానికి పోద్దామని. మొదటి కుండ బంగారక్క చేతికి ఇచ్చారు. ఆమె పెదవులు పగిలి నెత్తురు కట్టి ఉన్నాయి. కుండ నోటిదాకా ఎత్తింది.

సరిగ్గా అప్పుడు గోడ అంచు మీద ఒక చెయ్యి పడింది. ఇసుక చెయ్యి. దాని వెంట తల లేచింది. కళ్లు లేవు. గడ్డం ఉంది. తలకు చుట్టిన గుడ్డ ఇంకా కాస్త ఎర్రగానే ఉంది.

పక్కనున్న సైనికుడు ఈటె ఎత్తాడు. నీలసాని అతని చెయ్యి పట్టుకుంది. బంగారక్క కుండ దించింది. ఆ ముఖంలోకి చూసింది. ఇంటికి ఆలస్యంగా వచ్చిన మొగుణ్ణి చూసినట్టు చూసింది.

"చాలా దూరం నడిచినావు," అంది మెల్లగా. "ఇంక నడవాకు."

కుండెడు నీళ్లూ ఆ తల మీద పోసింది. చేతివేళ్లు అంచు మీంచి ఒక్కొక్కటే జారాయి. గడ్డం, భుజాలు, ఛాతీ నల్లని బురదై గోడ వెంట కిందికి కారిపోయాయి. ఎర్రగుడ్డ ఒక్కటి రాళ్ల సందున ఇరుక్కుని ఆగింది.

దాని పక్కనే ఇంకో చెయ్యి అంచు మీదికొచ్చింది. దాని పక్కన ఇంకొకటి. గోడ పొడుగునా చేతులు.

బంగారక్క ఖాళీ కుండ వెనక్కి చాపింది.

"ఇంగొకటి ఇయ్యండమ్మా," అంది.

ఆమె వెనక నేలమీద పడి ఉన్న పచ్చలసీమ జనం ఒక్కొక్కరే లేచి, తాగకుండానే, కుండల కోసం చేతులు చాచారు.